మగ గొంతు వినబడితేనే

ఆవకాయ జాడీకి వాసెన కడుతున్న చేతులతోనే ఆ నియమాలు రాసిన. అందుకే మొదటి కాగితం మూలకు నూనె మరక అంటింది. "సాఫ్‌గ రాయొద్దా? కమిటీ కాగితం ఇది" అన్నడు మా ఆయన. మళ్ళ రాసిన. కింద ఆయన సంతకం చేసిండు: వైకుంఠం, కార్యదర్శి, ఎండకాలపు భద్రతా కమిటీ. చేసే ముందు చేతులు కడుక్కున్నడు, ఆ మాట ఒప్పుకోవాలె.

పురానాపూల్ దగ్గర మేముండేది ఒక పాత దేవిడీ. ఒకప్పుడు ఏ నవాబుదో, ఇప్పుడు మధ్యల గోడలు లేపి ఏడు వాటాలు చేసిండ్రు. ఏడు వాటాలకు ఒకటే దర్వాజ. లోపలి అడ్డగడియ ఎత్తాలంటే రెండు చేతులు కావాలె. డెబ్భై నాలుగు ఎండకాలంల ఒక మిట్టమధ్యాహ్నం, ఆడవాళ్ళం తిని నడుం వాల్చినంక, ఎవడో వచ్చి వాకిట్ల బోర్లించిన రెండు ఇత్తడి గంగాళాలు ఎత్తుకపోయిండు. పొద్దుగూకేసరికి మగవాళ్ళు కమిటీ పెట్టిండ్రు. బట్టల హోల్‌సేల్ దుకాణం ఉన్న బాబురావు గారు అధ్యక్షుడు. మా ఆయన కరెంటాఫీసుల గుమాస్తా కాబట్టి కార్యదర్శి. నేను బి.ఏ. చదివిన కాబట్టి నా చెయ్యి.

పన్నెండు నుంచి నాలుగు దాక దర్వాజ మూసి ఉంచవలెను. వాకిట్ల గిన్నెలు వదలరాదు. మూడోది: "మగవారి గొంతు వినబడితేనే తలుపు తీయవలెను." రాస్తుంటే, దొంగ కూడ మగవాడే గద అని తోచింది. ఆడగొంతుతో పిలిచి గంగాళం ఎత్తుకపోయినోని గురించి నేనింతవరకు వినలేదు. కానీ పెండ్లయిన పదకొండేండ్లల్ల నేను నేర్చిన విద్య ఒకటుంది, తోచినదాన్ని చారుల వేసి మరగబెట్టుడు. అదే చేసిన. పైగా "వలెను" దగ్గర అక్షరాలు ఎంత ముచ్చటగ కుదిరినయో చూసుకొని మురిసిన.

"మరి రాహేలు?" అని మాత్రం అడిగిన.

"ఒక్కదాని కోసం రూలు మారుస్తమా?" అన్నడు మా ఆయన.

రాహేలు చివరి వాటాల ఉంటది. అది అప్పటి గుర్రాల కొట్టం. మొగుడు పోయిండు. దవాఖానల ఆయా పని. పొద్దున ఆరింటికి పోతే ఒంటిగంటన్నరకు వస్తది. రూలు వచ్చినంక ఆమె ఎదురుగ పాన్ డబ్బా నీడల నిలబడి, బాబురావు గారు అన్నానికి వచ్చి కేక వేసేదాక ఆగి, ఆయన వెనక లోపలికి వచ్చేది. తన ఇంటికి తను ఒకరి నీడల నడిచి వచ్చేది. నేను కిటికీలకెల్లి చూసేదాన్ని. చూసి, పత్రికల తల పెట్టేదాన్ని.

ఆ పత్రికలు కూడ ఆమె తెచ్చినవే. వార్డుల పేషెంట్లు వదిలిపోయిన వారపత్రికలు ఏరి, కొంగుల చుట్టి తెచ్చి నా కిటికీల పెట్టేది. "సుశీలమ్మా, సదువుకో. ఆఖరి పేజీ ఉందో లేదో సూసినంకనే తెచ్చిన" అనేది. పోయిన వారం సీరియల్‌ల ఏమైందో నాతోని చెప్పించుకునేది. నేను ఏం చదువుతున్ననో, దానికి ఆఖరి పేజీ ఉందో లేదో పట్టించుకున్న మనిషి ఈ దేవిడీల ఆమె ఒక్కతే. ఒంటిగంట నుంచి రెండున్నర దాక నా సమయం. అంట్లు అయిపోతయి, మా అత్తమ్మ లక్ష్మీకాంతమ్మ వట్టివేళ్ళ తడిక పక్కన ఒరుగుతది, తడిక మీద మధ్య మధ్యల నీళ్ళు చల్లితే చాలు. ఆ సమయంల నేను మేల్కొని ఉంటనని మా ఇంటి బయట రాహేలుకు తప్ప ఎవలకు తెల్వదు.

ఆనాడు బాబురావు గారు అన్నం టైముకు రాలేదు. పాన్ డబ్బా కూడ మూసి ఉంది. తలుపు మీద మొదట చేయి చప్పుడు. తర్వాత టిఫిన్ గిన్నె చప్పుడు. తర్వాత "అమ్మా, జర తలుపు తియ్యుండ్రి" అని. కొంచెం ఆగి, "సుశీలమ్మా... నువ్వు మేల్కొనే ఉంటవు గద."

అత్తమ్మ కండ్లు తెరవకుండనే, "మగగొంతు కాదు గద, పండుకో" అన్నది.

పండుకోలేదు. కూర్చొనే ఉన్న. సీరియల్‌ల నాయిక సూట్‌కేసు పట్టుకొని గడప దాటబోతున్నది. ఇంక రెండే పేజీలు. ఇవి అయినంక లేస్త అనుకున్న. ఎవలన్న తీస్తరు అనుకున్న. రూలు ఉంది గద అనుకున్న. రూలు రాసిన చెయ్యి నాదే అని మాత్రం అనుకోలేదు. నాయిక గడప దాటింది. ఆమె ధైర్యానికి నా కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. బయట చప్పుడు ఆగింది. హమ్మయ్య, ఎవలో తీసిండ్రు అని పేజీ తిప్పిన.

మూడింటికి బాబురావు గారి కేక. "ఎవల్లేరా లోపల! దర్వాజ!"

ఆరు వాటాల ఆడవాళ్ళం ఒక్కసారే ఉరికినం. నిద్రపోయినోళ్ళు అంత జల్ది లేవరు.

గోడవార జానెడు నీడ ఉంది. ఆ జానెడుల కాళ్ళు ముడుచుకొని రాహేలు పడి ఉంది. ఒక చెప్పు తెగింది. ఒళ్ళు పెనం లెక్క కాలుతున్నది. తడిచీర కప్పినం, రంజన్ కుండల నీళ్ళు తెచ్చి పోసినం. పక్కవాటా నాగమణమ్మ ఉల్లిగడ్డ దంచి అరికాళ్ళకు రాయబోయి, బొబ్బలు చూసి ఆగిపోయింది. ఎత్తి రిక్షాల కూర్చోబెడుతుంటే కొంగుముడి ఊడి కొత్త వారపత్రిక కింద పడ్డది. ఆఖరి పేజీ ఉంది.

మూడు రోజులు తను పనిచేసే దవాఖానలనే పడుకొని వచ్చింది. ఆదివారం పొద్దున వాకిట్ల మీటింగ్. మగవాళ్ళు కుర్చీలల్ల, ఆడవాళ్ళు గడపలల్ల, రాహేలు దర్వాజ పక్కన నిలబడి. చాయ్ పోసి, పీట మీద మినిట్స్ బుక్కు పట్టుకొని నేను.

"జరిగిందానికి అందరికీ బాధనే" అన్నడు బాబురావు గారు. "కానీ పిలిస్తే ఎవలకన్న వినబడేది గద? పిలవకుండ ఎండల కూర్చుంటే మనమేం చేస్తం? రేపు ఏమన్నయితే లొల్లి మన మీదికి. టైముకు రాలేనోళ్ళు వేరే ఇల్లు చూసుకుంటే అందరికీ సేఫ్."

"వినబడ్డదా ఎవలకన్న?" మా ఆయన గడపల దిక్కు తిరిగి అడిగిండు.

నాగమణమ్మ చాటల బియ్యంల రాయి వెతుక్కున్నది. అత్తమ్మ, "మంచి నిద్రల ఉంటిమి నాయనా" అన్నది.

"నేనెవల్నీ అనను బాపూ" అన్నది రాహేలు. "నిద్రల ఉండొచ్చు అందరు." నా దిక్కు చూడలేదు. చూస్తే నా మొహం చెప్పేస్తదని ఆమెకు తెలుసు. నా కోసం చూడలేదు.

"రాయవే" అన్నడు మా ఆయన. "రాహేలు పిలిచినట్టు ఎవరికీ వినబడలేదు. కాబట్టి ఈ నెలాఖరుకు వాటా ఖాళీ చేయవలెను. ముచ్చటగ రాయి."

రాసిన. కమిటీ పద్ధతి ప్రకారం, రాసింది చదవమన్నరు. లేచి నిలబడ్డ. రాసింది రాసినట్టే చదివిన.

"రాహేలు పిలిచినట్టు నాకు వినబడింది. మొదట చేత్తో కొట్టింది. తర్వాత గిన్నెతో. తర్వాత అమ్మా అన్నది. ఆఖరికి నా పేరు పెట్టి పిలిచింది. నేను మేల్కొనే ఉన్న. కథ చదువుకుంట లేవలేదు. సంతకం, సుశీల."

"ఏందిది? కొట్టెయ్!" అన్నడు మా ఆయన. బాబురావు గారు బుక్కు గుంజుకొని చూసిండు. ఇంక్‌తో రాసింది, చెరపరాదు. పేజీ చింపుదామంటే వెనక మొన్నటి తీర్మానం, దాని మీద ఆయన సంతకమే ఉంది. ఇంత రాతపూర్వకంగ ఉన్నంక ఖాళీ చేయమంటే జవాబు ఎవలు చెప్పాలె అని లోలోపలనే గొణిగి, బుక్కు మూసి, చెప్పులు వేసుకున్నడు.

రాహేలు అప్పుడు చూసింది నా దిక్కు. కోపంగ లేదు. ఉంటే బాగుండు.

"ఆఖరికి ఆ పిల్ల ఇల్లు దాటిందా సుశీలమ్మా?" అని అడిగింది.

"దాటింది" అన్న.

సోమవారం పన్నెండింటికి ఎప్పటిలెక్కనే గడియ పడ్డది. ఒంటిగంటకు తడిక మీద నీళ్ళు చల్లి, పీట తీసుకపోయి దర్వాజ లోపల కూర్చున్న. "ఏంది, అక్కడ కూర్చుంటివి?" అని అత్తమ్మ లోపలికెల్లి కేకేసింది. ఒళ్ళె పత్రిక ఉంది. తెరవలేదు. రెండు చేతులు గడియ మీద పెట్టి, వినుకుంట కూర్చున్న.