నూట ఇరవై ఏడు డిగ్రీలు

సుల్తాన్‌పూర్ పారిశ్రామిక పార్కులో సెలైన్ గొట్టాలు చేసే ఫ్యాక్టరీ. అందులో మూడో లైను కంప్యూటర్ నూట ఇరవై ఏడు డిగ్రీలు వేడెక్కిందని మేనేజర్ గదిలోని పెద్ద తెర చెప్పింది. సరిగ్గా ఆ సమయానికి ఐలన్న అరచెయ్యి ఆ పెట్టె మీదే ఉంది. పెట్టె చల్లగా ఉంది. నీళ్లు మసిలి ఆవిరైపోయే వేడిలో తన చేతికి బొబ్బ కూడా లేవకపోవడం అతనికి కొంచెం అవమానంగానే తోచింది. చూస్తుండగానే కంప్యూటర్ తనంతట తాను ఆరిపోయింది. దాంతోపాటు ప్యాకెట్లకు సీలు వేసే యంత్రమూ ఆగింది. వారంలో ఇది పదకొండోసారి.

ఐలన్నది కర్దనూర్. ఎనిమిదో తరగతిలో బడి మానేశాడు. పద్నాలుగేళ్లుగా ఇక్కడ కాంట్రాక్టు మీద మెయింటెనెన్స్ పని చేస్తున్నాడు. ఏటా మార్చి ఆఖరుకు కొత్త గేటు పాసు ఇస్తారు. ఈసారి మేనేజర్ సూర్యారావు దాని మీద సంతకం పెట్టకుండా ఆపాడు. దుమ్ము తుడవకపోవడం వల్లే కంప్యూటర్ వేడెక్కుతోందని ఆయన తేల్చేశాడు. శనివారంలోగా లైను ఆగడం మానకపోతే సోమవారం నుంచి ఐలన్న రానక్కర్లేదట.

దుమ్ము అన్న మాట ఐలన్నకు ఎక్కడో తగిలింది. ఆ పెట్టెను వారానికి రెండుసార్లు బ్లోయర్‌తో ఊదుతాడు. ఇంట్లో టీవీని అంత శ్రద్ధగా తుడిచిన పాపాన ఏనాడూ పోలేదు.

రోగం ఎప్పుడు మొదలైందో అతనికి తెలుసు. హెడ్డాఫీసు నుంచి వెంకట సాయి అనే ఇంజనీరు దిగినప్పటి నుంచి. ఏ కంప్యూటర్ ఒంట్లో ఎంత వేడి ఉందో, ఫ్యాన్ ఎంత జోరుగా తిరుగుతోందో కనిపెట్టి మేనేజర్ తెరకు పంపే డ్రైవర్ అనే సాఫ్ట్‌వేర్‌ను అతను అన్నిటిలోకీ ఎక్కించాడు. మిగతావి కొత్తవి కాబట్టి ఊరుకున్నాయి. మూడో లైనుది పాతది. మంగళవారం ఆడిటర్లు వచ్చేసరికి తెరంతా ఆకుపచ్చ గళ్లతో నిండి ఉండాలని సూర్యారావు కోరిక. లైను నడవాలన్న కోరిక కూడా ఉందేమో గానీ, ఆయన ఎప్పుడూ బయటపెట్టలేదు.

ఐలన్న వెళ్లి తన అనుమానం సాయికి చెప్పాడు. సాయి ల్యాప్‌టాప్ మీంచి తల ఎత్తలేదు. డ్రైవర్ ఉత్తినే చూస్తుందనీ, చూసినంత మాత్రాన ఏదీ చెడిపోదనీ, ఒకటో తరగతి పిల్లాడికి అక్షరాలు దిద్దించినంత ఓపికగా చెప్పి పంపించాడు.

శుక్రవారం ఐలన్న బేరింగ్ కోసం స్టోర్స్ దగ్గర నిలబడ్డాడు. స్టోర్స్‌కు ఒకటే కిటికీ. అక్కడ వస్తువు పేరు చెప్తే కుదరదు, అది ఉన్న అర నంబరు చెప్పాలి. లోపలున్న క్లారా చివరగా చెవిన పడ్డ నంబరు అర దగ్గరికి వెళ్లి, అందులో ఉన్నది తెచ్చి, కిటికీలో చాచి ఉన్న చేతిలో పెట్టేస్తుంది. అందుకే ఒకరు తీసుకుని పక్కకు తప్పుకునేదాకా ఇంకొకరు నోరు తెరవకూడదని కట్టుబాటు. ఐలన్న అరవై ఒకటి అన్నాడు. ఆమె అటు తిరిగేలోగా వెనక నుంచి క్యాంటీన్ మనిషి పదిహేడు అని కేకేశాడు. ఐలన్న చేతిలోకి గిన్నెలు తోమే సబ్బు వచ్చింది.

అతను సబ్బును అటూ ఇటూ తిప్పి చూశాడు. తరువాత జేబులోంచి ఫోన్ తీశాడు. కంప్యూటర్ లేచేటప్పుడు తెర మీద జరజరా పారే ఇంగ్లీషును అందులో వీడియో తీసి పెట్టుకున్నాడు. చదివి చెప్పమని కిటికీలోంచి క్లారాకు ఇచ్చాడు.

ఆమె ఒకచోట ఆపి, రెండుసార్లు చదివింది. “ఈ డ్రైవర్ చెయ్యి పెట్టే కాడనే బోర్డుల ముందు నుంచి ఉన్న ప్రోగ్రాం, ఫర్మ్‌వేర్ అంటరు, అది గూడ చెయ్యి పెడుతుందంట అన్నా. రెండిటికి గొడవైతే ఏమన్న కావచ్చు అంటుంది.”

“గట్లయితె డ్రైవర్‌ను ఆపాలె గద చెల్లె?”

“ఆపకు, సూసీ సూడనట్టు పోనియ్యి అని పైన సెట్టింగుల ఎవరో రాసి పెట్టిన్రు.”

“ఈ కంపెనీల గా ముక్క రాసి మరీ చెప్పాల్నా” అన్నాడు ఐలన్న.

శనివారం పొద్దున్నే సూర్యారావు గదిలో, సాయి ముందరే, ఐలన్న స్టోర్స్ కిటికీ సంగతి మొదలుపెట్టాడు. పెట్టె లోపల వేడినీ ఫ్యాన్ జోరునూ కొలిచే చిప్‌కూ ఒకటే కిటికీ. ఫర్మ్‌వేర్ వేడి ఎంతని అడుగుతుంది. అది చెయ్యి చాచేలోగా డ్రైవర్ ఫ్యాన్ లెక్క అడుగుతుంది. ఆ లెక్క వచ్చి ఫర్మ్‌వేర్ చేతిలో పడితే, దాన్నే నూట ఇరవై ఏడు డిగ్రీల వేడి అనుకుని బెదిరిపోయి కంప్యూటర్‌ను ఆర్పేస్తోంది. సాయి మొహం ఎర్రబడింది. అలా జరగడం చాలా అరుదని గొణిగాడు. వారానికి పదకొండుసార్లు జరిగేదాన్ని హెడ్డాఫీసులో అరుదు అంటారని ఐలన్నకు ఆ రోజే తెలిసింది.

మూడో లైనులో డ్రైవర్ తీసేశారు. సాయంత్రం దాకా లైను ఒక్కసారి కూడా ఆగలేదు. ఐలన్న పాసు కోసం వెళ్లాడు. సూర్యారావు మాత్రం గోడ మీది తెరకేసి చూస్తున్నాడు. ఆకుపచ్చ గళ్ల మధ్య మూడో లైను గడి అంకె రాక నల్లగా ఉంది.

“లైను ఆగితే లోపలికి వెళ్లినవాడికే తెలుస్తుందయ్యా. ఈ నలుపు గుమ్మంలోంచే కనబడుతోంది” అన్నాడాయన. మళ్లీ డ్రైవర్ ఎక్కించమని సాయి వైపు తిరిగాడు.

మళ్లీ ఎక్కిస్తే సోమవారం తన గతి ఏమిటో ఐలన్నకు తెలుసు. “గా గడిల అంకె నేనే కొడత సార్, అరగంటకొకపాలి. పచ్చగనే ఉంటది” అన్నాడు. “గని ముందు పాసు మీద సంతకం పెట్టున్రి.”

సూర్యారావు ఒకసారి గోడను, ఒకసారి ఐలన్నను చూశాడు. సంతకం పెట్టాడు. సాయి పది నిమిషాల్లో అంకె కొట్టే గడి తయారుచేసి, మూడో లైనుకు ప్రత్యామ్నాయ సెన్సర్ అమర్చినట్టు హెడ్డాఫీసుకు మెయిల్ పంపాడు.

ఐలన్న బయల్దేరుతూ, పెట్టె మీద చెయ్యి పెట్టి చూసి వస్తానన్నాడు.

“అంత దూరం ఎందుకయ్యా, ఇక్కడే కొట్టెయ్” అన్నాడు సూర్యారావు.

ఐలన్న ముప్పై ఎనిమిది కొట్టాడు. గడి పచ్చబడింది. ఆయన తృప్తిగా కుర్చీలో వెనక్కి వాలాడు. ఐలన్న పాసు మెడలో వేసుకుని, ఏడాదిపాటు వేడి చెప్పే ఉద్యోగంలో చేరిపోయాడు.