పసుపు పైపు మీద నూలు

మా మామ ఉప్పలయ్య పోయినప్పటి నుంచి మా ఇంట్లో ఎవరం సరిగ్గా ఏడవలేదు. దినాలకు వచ్చినవాళ్ళు కనిపెట్టి చూశారు. "అత్తకు కండ్లనీళ్ళు లేవు, కోడలికి మొదలే లేవు" అని పోతూ పోతూ గడప దగ్గరే అనుకున్నారు, మాకు వినపడేలాగే. నాకు కోపం కూడా రాలేదు. దెబ్బ తగిలిన చోట కాసేపు తిమ్మిరెక్కి ఏమీ తెలియదు కదా, అలా ఉంది. ఆ కాసేపు మాత్రం ఎన్నాళ్ళైనా పోవడం లేదు.

మా ఆయన ఓంప్రకాశ్ భివండి నుంచి వచ్చి, తండ్రికి చేయాల్సినవన్నీ చేసి, మళ్ళీ మరమగ్గాల పనికి వెళ్ళిపోయాడు. ఇంట్లో మిగిలింది నేను, మా అత్తమ్మ పెంటవ్వ, పక్కన కాలిపోయిన అద్దకం కొట్టం.

మామ నూలుకు రంగులు అద్దేవాడు. సిద్దిపేటలో గొల్లభామ చీరలు నేసేవాళ్ళు కొద్దిమందే మిగిలారు, వాళ్ళలో కొందరికి రంగు నూలు మా కొట్టంలోంచే పోయేది. కొట్టంలో పెద్ద రాగి గంగాళం, దాని కింద కట్టెల పొయ్యి. ఇంట్లో వంటా కట్టెల మీదే. సిలిండర్ లేక కాదు. ఉన్న సిలిండర్‌ను అత్తమ్మ చుట్టాల కోసం దాచేది. చుట్టాలొస్తే చాయ్ గ్యాసు మీద, మాకు అన్నం పొగలో.

పోయిన చలికాలం ఆమె రాత్రుళ్ళు పడుకోలేక గోడకు ఆనుకుని కూర్చునేది. డాక్టరు ఎక్స్‌రే పైకెత్తి చూసి, "ఈమె బీడీలు తాగుతదా?" అని నన్ను అడిగాడు. జన్మలో బీడీ ముట్టని మనిషి. ఇంక పొగ పీలిస్తే వచ్చే చలికాలం దాటదని ఆయన చెప్పినప్పుడు అత్తమ్మ బయట బెంచీ మీద కూర్చుని నావైపు చూసి నవ్వుతోంది. ఆ నవ్వు నాకు ఒళ్ళు మండించింది. ఆ రోజే అనుకున్నాను, ఈ పొయ్యిని ఎట్లాగైనా ఆర్పేస్తానని.

ఆ తర్వాతి ఎండాకాలంలో మా వాడకు పైపు గ్యాసు వస్తుందని మీటింగు పెట్టారు. కంపెనీ తరఫున ప్రభాకర్ అనే సూపర్‌వైజరు వచ్చాడు.

"పొగుండది, మసుండది, సిలిండర్ కోసం ఫోన్లు కొట్టుడుండది. నల్లా తిప్పినట్లు తిప్పుడే" అన్నాడు.

"నల్లా కారితే ఇల్లు తడుస్తది. గిది కారితేనో?" అని మల్లేశం లేచాడు. మా వీధి చివర మేడ ఆయనది. ఆయన మాటలో నిజం లేకపోలేదు. ఆయనకు సిలిండర్ల ఏజెన్సీ ఉందన్నదీ నిజమే.

కాలేజీలో చదివే ఆయన బిడ్డ కృతిక ఇంకో మాట అడిగింది. "గిది గూడ భూమిల కెళ్ళి తీసిందే గద సార్. బొగ్గు కన్న నయమంటరు గని, కాలకుండ లీకయితే ఆకాశాన్ని ఇంకెక్కువ వేడి చేస్తదట గద?"

"లీకు కానియ్యం బిడ్డా" అన్నాడు ప్రభాకర్.

మల్లన్నసాగర్ ప్రాజెక్టు కింద ఊరు మునిగి మా వాడకు వచ్చి ఉంటున్న నర్సమ్మ కూర్చున్న చోటు నుంచే అంది. "నీళ్ళ కోసం ఊరిచ్చినం. ఇగ గ్యాసు కోసం ఏమియ్యాల్నో అదిగూడ ముందే చెప్పున్రి." అందరూ నవ్వారు.

ఎవరి బాధ వాళ్ళది. నా పక్కన అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గుతోంది. ఆకాశం సంగతి తర్వాత, ముందు ఈమె ఛాతీ చల్లబడితే చాలనుకున్నాను. మామ వద్దంటున్నా వినకుండా, వాడలో అందరికంటే ముందు మా ఇంటి పేరు రాయించాను.

గ్యాసుకు మామూలుగా వాసన ఉండదట. కారితే తెలియాలని వాసన కలుపుతారట. ప్రభాకర్ చిన్న సీసా మూత తీసి అందరికీ చూపించాడు. "గీ కుళ్ళిన గుడ్డు కంపు వచ్చిందంటే మెయిన్ బంద్ పెట్టి మాకు ఫోన్ చెయ్యిన్రి."

మామ సీసా ముక్కు దగ్గర పెట్టుకుని పకపకా నవ్వాడు. "గిదా? గిది మా ఇంట్ల ఊదుబత్తి వాసన సారూ!"

అబద్ధం కాదు. మేము వాడే పక్కా రంగులు నూలుకు పట్టాలంటే నీళ్ళలో హైడ్రోస్ అనే పొడి వేయాలి. అది వేస్తే లేచేది ఇంచుమించు అదే కంపు. మా ఇంటికి పిల్లనివ్వడానికి వచ్చినవాళ్ళు కూడా ముక్కు మూసుకునే మాట్లాడారు, మా అమ్మానాన్నలతో సహా. ఆ రోజు మామ మాటకు ప్రభాకర్ కూడా నవ్వాడు. ఆ మాట దగ్గర ఆగి ఆలోచించాల్సినవాడు అతనొక్కడే. నవ్వేసి, "పైపుకు ఏదీ కట్టొద్దు" అని చెప్పి వెళ్ళిపోయాడు. మేకలను కట్టొద్దంటున్నాడని అనుకున్నాం. మాకు మేకలు లేవు.

పసుపు రంగు పైపు వీధిగోడ మీది మీటరు నుంచి అద్దకం కొట్టం లోపలి గోడ మీదుగా వంటింటికి వచ్చింది. అత్తమ్మ స్టవ్‌కు పసుపు, కుంకుమ పెట్టింది. పైపుకూ ఒక బొట్టు పెట్టింది. పాలు పొంగించింది. నీలం మంటను వంగి చూసి, "దీనికి ఉఫ్ఫని ఊదే పనే లేదు గదనే" అంది. వానలు మొదలయ్యేసరికి ఆమె రాత్రుళ్ళు నడుం వాల్చి పడుకుంటోంది. నేను మధ్యలో మెలకువ వస్తే ఆ ఊపిరి వినేదాన్ని. జీవితంలో నేను గెలిచిన కొట్లాట అదొక్కటే.

గంగాళం మాత్రం కట్టెల మీదే కాగింది. అంత పెద్దదానికి గ్యాసు పొయ్యి పెట్టాలంటే వేరే కనెక్షన్ కావాలన్నారు. చూద్దాంలే అన్నాడు మామ.

ఆ వానల్లోనే వాకిట్లో నూలు ఆరేసే దండెం విరిగింది. బయట ఎటూ ఆరదు. కొట్టం గోడ మీద, చేతికందే ఎత్తులో, ఆ చివరి నుంచి ఈ చివరి దాకా నున్నటి పైపు ఉంది. అత్తమ్మ తడి నూలు చిలపలను కట్టలు కట్టలుగా దాని మీద ఆరేసింది. మామ చూసి, "కంపెనోడు మనకు మంచి దండెం కట్టిచ్చిండే" అని మెచ్చుకున్నాడు. నీళ్ళు పీల్చిన నూలు ఎంత బరువుంటుందో ఆ ఇంట్లో తెలియనివాళ్ళు లేరు. కానీ అది పైపని ఎవరికీ గుర్తు లేదు. దండెం అయిపోయింది.

కోతులు దూరుతున్నాయని కొట్టం పై కిటికీకి మామ ఎప్పుడో రేకు కొట్టాడు. సిలిండర్ గ్యాసు నేల మీద పారుతుంది, తలుపు తీస్తే పోతుంది. ఈ గ్యాసు పైకి లేస్తుందట. పైన పోవడానికి దారి లేదు. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి.

ఆ పొద్దున నేను నల్లా దగ్గర ఉన్నాను. అత్తమ్మ నర్సమ్మ ఇంటికి మజ్జిగకు పోయింది. మామ కొట్టం తలుపు తీసుకుని లోపలికి పోయాడు. లోపల కంపు కొట్టే ఉంటుంది. రోజూ కొట్టేదే. గంగాళం కింద అగ్గిపుల్ల గీశాడు.

రేకు ఎగిరి మల్లేశం వాళ్ళ వాకిట్లో పడింది. నేను బిందె పట్టుకునే పరిగెత్తాను. నీళ్ళు ఒలకకుండా ఎందుకంత జాగ్రత్తగా పరిగెత్తానో తెలియదు. పట్నం దవాఖానలో మామ రెండు రోజులున్నాడు. ఎవరినీ ఏమీ అనలేదు. రంగు నూలు ఎవరెవరికి ఇవ్వాలో మాత్రం చెప్పాడు.

ఆ తర్వాత కంపెనీవాళ్ళు వాడంతా పైపులు బంద్ పెట్టారు. వాడవాళ్ళు మా ఇంటి ముందు ధర్నా టెంటు వేశారు. పైపులన్నీ పీకేయాలని మల్లేశం మైకులో అన్నాడు. మా మామ బతికుండగా ఆయన మా గడప తొక్కిన గుర్తు లేదు, ఇప్పుడు మామ ఫోటోకు పెద్ద దండ తెచ్చాడు. చీకటి పడితే ఇంటింటా మళ్ళీ కట్టెలు, మళ్ళీ సిలిండర్ల కోసం ఫోన్లు. మా సిలిండర్‌ను కనెక్షన్ వచ్చిన రోజే వాపసు ఇచ్చేశాం. అత్తమ్మ పెరట్లో మూడు రాళ్ళు పెట్టింది. దగ్గు మొదలైంది.

ప్రభాకర్ ఇద్దరు ఇంజినీర్లతో వచ్చి కాలిన గోడను చూశాడు. పైపు మధ్యలో వంగి ఉంది, వంపు దగ్గర మర ఊడి ఉంది. బయటికి వచ్చి టెంటు కింద అందరి ముందే నన్ను అడిగాడు.

"అమ్మా, గీ పైపు మీద బరువేమన్న ఏసిన్రా?"

నాకు తెలుసు. గోడ వంక మొదటిసారి చూసినప్పుడే తెలిసింది. అవునంటే, మొగుణ్ణి చంపింది తన చేతులేనని ఈ ముసలిదానికి నలుగురిలో చెప్పినట్టు. కాదంటే తప్పు పైపుది, పైపులు పోతాయి, ఈమె పొగలో కూర్చుని వచ్చే చలికాలంలో పోతుంది. నాకు ఏమీ అనిపించలేదు. రెండు తూకం వేశాను. చలికాలం ఇంకా దూరం ఉంది.

"ఏం ఎయ్యలె సార్" అన్నాను.

"అది అబద్ధమాడుతుంది" అంది అత్తమ్మ. మెట్టు మీద కూర్చుని ఉంది, లేవలేదు. "నూలు నేనే ఏసిన. దండెం ఇరిగింది. పైపు వంగుడు గూడ సూసిన. రేపు తీద్దమనుకున్న."

మల్లేశం మైకు చేతిలోనే పెట్టుకుని నిలబడ్డాడు.

"పైపులు పీకకున్రి" అంది మళ్ళీ. "మంది పొయ్యిలార్పితే ఆయనొస్తడా?"

ఆ సాయంత్రానికి టెంటు లేచిపోయింది. కొన్నాళ్ళకు కంపెనీవాళ్ళు వాడంతా పైపుల్లో మళ్ళీ గ్యాసు వదిలారు. మా ఇంటికి కొత్త పైపు వేశారు, ఈసారి బయటి గోడ మీద, చేతికందనంత ఎత్తులో. మా వంటింట్లోనూ నీలం మంట వెలిగింది.

అత్తమ్మ మాత్రం వంటింట్లోకి రాలేదు. పెరట్లో ఆ మూడు రాళ్ళ మీదే తన పిడికెడు అన్నం వండుకునేది. వానకు నానిన కట్టెలు, మండవు, పొగ తప్ప ఏమీ రాదు. ఊదుతుంది, దగ్గుతుంది, కొంగుతో కళ్ళు తుడుచుకుంటుంది, మళ్ళీ ఊదుతుంది. మంచిగా చెప్పాను. బతిమాలాను. "నీ స్టవ్వు నీది బిడ్డా, దాని మీద నాకేం కోపం లేదు" అంటుందే కానీ కదలదు.

ఒకనాటి పొద్దున దగ్గు ఆగక ఆమె నేల మీద చేతులు ఆనించుకుని వంగిపోవడం చూశాను. ఇన్నాళ్ళూ రాని కోపం ఒక్కసారి వచ్చింది. బిందెడు నీళ్ళు తెచ్చి పొయ్యిలో గుమ్మరించాను. అన్నం గిన్నె పక్కకు ఒరిగింది.

"మామను అగ్గి కొండవోయింది. నిన్ను పొగకియ్య నేను! గింత మొండితనమేంది? నీకు నువ్వే శిక్ష ఏసుకుంటున్నవా?"

ఆమె ఒరిగిన గిన్నెను నిలబెట్టి, తడిసిన కట్టెలను పక్కకు జరిపింది.

"శిక్ష కాదే పిచ్చిదాన" అంది. "లోపల కూసోని ఏడిస్తే అందరొచ్చి అడుగుతరు. చేసిందంత చేసి ఇప్పుడేడుస్తుందంటరు. పొయ్యి కాడ ఎవ్వరడుగరు. పొగనుకుంటరు."

నేనూ పొగే అనుకున్నాను. రోజూ ఎదురుగా నిలబడి, ఆ ఎర్రబడ్డ కళ్ళు చూసి, కట్టెలు తడిగా ఉన్నాయనుకున్నాను.

చెయ్యి పట్టి లేపాను. దూదిలా తేలిగ్గా ఉంది. వంటింట్లోకి తీసుకుపోయి పీట వేసి కూర్చోబెట్టాను. పై కిటికీ తెరిచి, స్టవ్ ముట్టించి, చాయ్ నీళ్ళు పెట్టాను. ఆమె అలవాటుగా కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. పొగ లేదు.

"నేనడుగ అత్తమ్మా" అన్నాను.

ఆమె కొంగు ఒళ్ళో వేసుకుని, నోరు తెరిచి, మామను పేరు పెట్టి పిలిచి ఏడ్చింది. నేను ఏమైందని అడగలేదు. కాసేపటికి నేనూ కొంగు కళ్ళకు అద్దుకున్నాను. ఆమె కూడా నన్ను అడగలేదు.