అత్తమ్మ కడిగిన డబ్బా

"నీకు పురసత్ దొరుకుతలేదని నేనే కడిగిన బిడ్డా. కంపు మొత్తం మోరీల పారబోసి, సీసెడు ఫినాయిల్ పోసి తోమిన" అంటూ అత్తమ్మ ఈరమ్మ తళతళలాడే డబ్బాను నా చేతికిచ్చింది.

బోనాల వంట మధ్యలో ఉన్నాను. పసుపు చేతులతోనే బాల్కనీలోకి పరుగెత్తి, మోరీ దగ్గర కూర్చుని గరిటెతో తోడాను. తెల్లటి నురగ తప్ప ఏమీ రాలేదు.

ఆ డబ్బాలో నా బ్యాక్టీరియా ఉండేవి. మందుల ఫ్యాక్టరీ వెనక కాలువలోంచి బురద తెచ్చి, రాజేంద్రనగర్‌లోని మా ల్యాబ్‌లో రెండేళ్లు పెంచాను. కాలువలోని విషాన్నే చుక్కచుక్కగా పెంచుతూ, దాన్ని తినడం వాటికి అలవాటు చేశాను. అన్ని రకాలూ కలిసుంటేనే బతుకుతాయవి. ఒకటి విషాన్ని సగం విరిస్తే, మిగిలిన సగం పక్కది తినాలి, లేకపోతే మొదటిదే చచ్చిపోతుంది. పండుగ కాగానే ఫ్యాక్టరీ మురుగునీటి ట్యాంకులో వదలాల్సింది. నన్ను 'మురికి మేడం' అని నవ్వే ఆఫీసులో మొదటిసారి ఒక పని నా పేరుమీద జరిగేది.

సెలవుల్లో ల్యాబ్‌లో కరెంటు పోతే వాటికి గాలినిచ్చే పంపు మళ్లీ వేసేవాళ్లుండరు, అక్కడే ఉంటానన్నాను. "పండుగపూట ఇంటి కోడలు ల్యాబ్‌ల కూసుంటదా? చుట్టాలకు ఎవరు వండాలె?" అన్నాడు నా భర్త వీరేందర్. అందుకే మొత్తం ఇంటికి తెచ్చాను. బుడబుడమంటున్న ఆ డబ్బాలో ఏముందని ఈ ఇంట్లో ఒక్కరూ అడగలేదు.

అత్తమ్మ మీద కోపమైనా వస్తే బాగుండేది. పెళ్లయ్యాక నా పని ఇంకొకరు చేయడం ఇదే మొదలు. అదీ మోకాళ్ల నొప్పులతో, పాపం.

విషయం చెబితే ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "పానాలున్నయా అండ్ల? నాకేం ఎరుక బిడ్డా!"

మా తలమీదుగా విమానం దిగుతుంటే వీరేందర్ గొంతు పెంచాడు. "మురికినీళ్లకు గింత ఏడుపా సంతోషీ? కాల్వల మస్తుగున్నది, మల్ల తెచ్చుకో. చుట్టాలొచ్చిండ్రు, మొఖం కడుక్కో."

కడుక్కున్నాను. అందరికీ వడ్డించాను. కూర బాగుందన్నారు.

చుట్టాలు వెళ్లాక అతనే అడిగాడు. "ఇగ మల్ల తెచ్చి బాల్కనీలనే పెడతవా ఏంది?"

"లేదు. ఈసారి వాటిని ఇంటికి తేను. నేనే పోయి వాటి దగ్గరుంటా."