మూడో తరగతి తలుపు గడియ

ముందుగా ఒక మాట. నాకు అక్షరాలు వచ్చి మూడేళ్ళే అయింది. ఒత్తులు తప్పు పడతాయి, దీర్ఘాలు మర్చిపోతాను, ఒక పేజీ రాయడానికి రెండు రోజులు పడుతుంది. చదివేవాళ్ళు విసుక్కోవద్దు. ఇది నోరు లేని ఒక ఇనప ముక్క కథ. అదే చెప్పుకున్నట్టుగా రాశాను.

నేను ఒక గడియను. జానెడు పొడుగు ఇనప కడ్డీ, దాన్ని పట్టి ఉంచడానికి రెండు పట్టీలు, లాగడానికి ఒక పిడి. నా ఒళ్ళంతా ఇంతే. నన్ను చేసిన కమ్మరి మొహం గుర్తు లేదు. కొలిమిలోంచి తీసి నీళ్ళలో ముంచినప్పుడు నేను పెట్టిన చప్పుడు మాత్రం గుర్తుంది.

మొదట నన్ను ఒక సినిమా హాలు పక్క తలుపుకి బిగించారు. టిక్కెట్టు లేనివాళ్ళు లోపలికి రాకూడదని. సినిమా బాగాలేనప్పుడు లోపలివాళ్ళు మధ్యలో లేచిపోకుండా కూడా పనికొచ్చాను. తర్వాత ఒక ఇంట్లో పచ్చళ్ళ గదికి మారాను. జాడీలు ఎవరూ ఎత్తుకుపోరు, అయినా ఆ ఇంటి అత్తగారు రోజుకి పదిసార్లు వచ్చి నన్ను లాగి చూసుకునేది. మనుషులకి తలుపు మీద కంటే గడియ మీద నమ్మకం ఎక్కువని అక్కడ తెలిసింది. ఆవిడ పోయాక ఇల్లు పడగొట్టారు. పాత సామాన్ల కొట్టులో నాలుగేళ్ళు పడి ఉన్నాను. అప్పటికే అలసిపోయాను. అక్కడే ఉండిపోతే బాగుండునని కూడా అనుకున్నాను.

రేగులగూడెం బడికి నన్ను తెచ్చింది కోతుల వల్ల. అది ఇద్దరు టీచర్ల చిన్న బడి. పదకొండున్నరకి వంటగదిలో తాలింపు వాసన లేవగానే గుట్ట మీది కోతులు గోడ దిగేవి. ఒకరోజు ఒక కోతి మూడో తరగతిలోకి వచ్చి ఒక పిల్ల సంచి పట్టుకుపోయింది. మర్నాడే వడ్రంగి నన్ను తెచ్చి తలుపు లోపలి పక్క బిగించాడు. వాసన లేవగానే నిర్మల టీచరు తలుపు మూసి నన్ను పెట్టేది. భోజనం గంట కొట్టాక తీసేది. ఈ ఉద్యోగం నాకు తేలికే అనుకున్నాను.

అఖిల వచ్చేవరకూ తేలికే.

ఎనిమిదేళ్ళ పిల్ల. ముందటేడు ఏరు పొంగి పక్క ఊరు మునిగినప్పుడు తల్లి పోయింది. అమ్మమ్మ తిరపతమ్మ తెచ్చి ఇక్కడ చేర్చింది. పొద్దున్నంతా బాగానే ఉండేది. లెక్కలు అందరికంటే ముందు చేసి పలక చూపించేది. నన్ను పెట్టే వేళకి మాత్రం కళ్ళు పెద్దవి చేసి తలుపు వైపే చూసేది. బల్లలు తోసుకుంటూ తలుపు దగ్గరికి ఉరికేది, గోళ్ళతో చెక్కని రక్కేది. రెండుసార్లు లంగా తడుపుకుంది.

దీనికి కోతులంటే భయమని బడంతా తేల్చేసింది. నిర్మల టీచరు మంచి మనిషి. అందుకని అఖిల కోసం నన్ను ఇంకో పావుగంట ముందే పెట్టడం మొదలుపెట్టింది. "భయపడకు తల్లీ, గడియ గట్టిగా పెట్టాను, ఇక ఒక్క కోతి కూడా రాదు," అంటూ రాయితో కొట్టి మరీ నన్ను లోపలికి దింపేది. ఆ రాయి దెబ్బలకి నా పిడి వంగింది. ఇప్పటికీ వంకరగానే ఉంది.

ఒక గురువారం ఆ పిల్లని తలుపు దగ్గర్నుంచి లాగబోతే టీచరు చెయ్యి కరిచింది. రక్తం వచ్చింది. వెనక బల్లవాళ్ళు "కోతిపిల్ల" అని పేరు పెట్టారు. పెద్దసారు జనార్దన్ గారు టీసీ రాసి, శనివారం అమ్మమ్మని పిలిపించాడు.

పెద్దసారుకి వేరే గది లేదు. మా గదిలోనే ఒక మూల ఆయన కుర్చీ. కాబట్టి అంతా విన్నాను.

"నన్నేం చెయ్యమంటావమ్మా? రేపు ఇంకో పిల్లని కరిస్తే వాళ్ళ నాన్న వచ్చి నా గల్లా పట్టుకుంటాడు. టౌన్లో ఇట్లాంటి పిల్లలకి వేరే బడి ఉంటుంది."

"ఏ బడి సారూ?" అంది తిరపతమ్మ.

"ఉంటుంది," అన్నాడు. ఆయనకీ తెలియదు.

తిరపతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. ఆమె పొద్దున లేచి మిరప చేలకి కూలికి పోతుంది. బడి మానిస్తే పిల్లని ఇంట్లో వదిలి తలుపేసి పోవాలి. వేరే దారి లేదు.

ఊడ్చే ఆయమ్మ సైదమ్మ చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె పెద్ద తెలివైనదేం కాదు, నన్ను తుడవమంటే తడి గుడ్డతో తుడిచి తుప్పు పట్టించిన మనిషి. అయినా నోరు ఊరుకోలేదు.

"సారూ, ఆ పిల్లకి కోతులంటే భయం లేదు."

"నిన్నెవరు అడిగారు సైదమ్మా?"

"ఎవరూ అడగలే. నిన్న నీళ్ళ ట్యాంకు కాడ చూసిన. ఇంత మగకోతి దీనికి ఎదురుంగ కూర్చుంది. ఇది నడుం మీద చేతులు పెట్టుకుని, 'ఏందిరా చూస్తున్నవ్, పో' అంటోంది. అదే పోయింది. నేనైతే ట్యాంకు వెనక దాక్కున్న."

నిర్మల టీచరు కట్టు కట్టిన చేత్తో ఒక కాగితం బయటికి తీసింది. అంతకుముందు ఏడాది రెండు రోజుల ట్రైనింగులో ఆవిడకి ఇచ్చారట. గండం దాటి వచ్చిన పిల్లల గురించి. ఏడాదంతా అది బీరువాలో గ్లోబు కింద ఉంది. నిన్న సాయంత్రమే చదివిందట. "పిల్ల ఏం చేసిందో రాసే ముందు, అంతకు ముందు గదిలో ఏం మారిందో చూడండి," అని అందులోంచి మెల్లగా చదివింది. చదివి నా వైపు తిరిగింది. తిరపతమ్మ అప్పటికే నన్నే చూస్తోంది.

"ఆ రోజు గడియ పెట్టింది సారూ మా అమ్మాయి, ఈ పిల్ల తల్లి," అంది తిరపతమ్మ. "ఏరు ఊళ్ళోకి వస్తుందంటే, నీళ్ళు లోపలికి రాకూడదని గడియ పెట్టి కింద గుడ్డలు కుక్కింది. నీళ్ళు పెరటి గోడ పడేసి వచ్చినయ్. తలుపు తడిసి ఉబ్బింది, గడియ రాలే. పిల్లని అటక మీదికి ఎక్కించి తను కిందనే ఉండి గడియ లాగుతా ఉంది. జనం పెంకులు తీసి పిల్లని పైకి గుంజారు. తల్లి కోసం దిగేసరికి..."

పెద్దసారు కలానికి మూత పెట్టాడు.

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాడు పెద్దసారు.

"బడిలో చేర్చేటప్పుడు తల్లి వరదల పోయిందా అని అడిగారు, అవునన్న. కాగితంలో అంతే రాయాలన్నారు."

నన్ను ఎవరూ తిట్టలేదు. ఇనుముని ఎవరు తిడతారు? కానీ ఆ ఇంటి గడియ నా జాతిదే. పట్టుకోమంటే పట్టుకుంది, వదలమంటే వదలలేదు. నేను రోజూ పదకొండున్నరకి ఆ పిల్ల చెవిలో పెట్టిన చప్పుడు ఆ చప్పుడే.

"సరే, గడియ తీసేస్తాం. మరి కోతులో?" అన్నాడు పెద్దసారు, విసుగ్గా నుదురు రుద్దుకుంటూ.

"గుమ్మంలో నేను కూర్చుంట, కర్ర పట్టుకుని," అంది సైదమ్మ.

"రోజూనా?"

"మీ గడియ రోజూ ఉండలే?"

టీసీ కాగితాన్ని ఆయన చింపలేదు. రిజిస్టరు కింద పెట్టి, "ఒక నెల చూద్దాం," అన్నాడు.

సోమవారం పొద్దున టీచరు అఖిలని దగ్గరికి పిలిచి, చూస్తుండగానే నా స్క్రూలు విప్పించింది. "మళ్ళీ పెడతారా?" అని అడిగింది పిల్ల. "పెట్టం," అంది టీచరు. అఖిల నమ్మలేదు. వారం రోజులు బడికి రాగానే చెక్కకి ఉన్న నాలుగు బొక్కల్లో వేలు పెట్టి చూసుకునేది. నన్ను సుద్దముక్కల డబ్బా పక్కన కిటికీలో పడేశారు. అక్కడినుంచి గదంతా కనిపించేది.

టీచరు ఇంకొక పని చేసింది. గుండె దడగా ఉంటే అడగకుండా లేచి గుమ్మం దాకా వెళ్ళి రావచ్చు అంది. "మాకూనా టీచర్?" అన్నారు మిగతావాళ్ళు. "మీకూ," అంది. రెండు రోజులు గదంతా తిరునాళ్ళే. మూడో రోజుకి అందరికీ విసుగు పుట్టింది, అఖిల ఒక్కతే లేచేది.

అంతటితో బాగైపోయిందని చెప్పను. వాన చప్పుడికి చెవులు మూసుకునేది. ఒకసారి బల్ల కింద దూరి సాయంత్రం దాకా రాలేదు. టీచరు కూడా కింద కూర్చుని అక్కడే నోటుబుక్కులు దిద్దుకుంది. నెల గడిచినా పెద్దసారు ఆ కాగితం సంగతి ఎత్తలేదు, తీసి అవతల పారెయ్యనూ లేదు. తిరపతమ్మ బడి ముందునుంచి పోయినప్పుడల్లా ఆ కుర్చీ వైపు చూసి పోయేది.

గుమ్మంలో కూర్చున్న సైదమ్మకి ఎదురుగా నల్లబల్ల. కోతులు రాని రోజుల్లో చేసేదేం లేక, బల్ల మీదివి చూసి కర్రతో మట్టిలో గీసేది. ఒకరోజు అఖిల గుమ్మం దాకా వచ్చి చూసింది. "ఆయమ్మా, అది 'క' కాదు, నాగలి." తర్వాత రోజూ గుమ్మం దాకా వచ్చి దిద్ది పోయేది. భయమై వస్తోందో, పాఠం చెప్పడానికి వస్తోందో కొన్నాళ్ళకి ఎవరికీ తేడా తెలియలేదు.

మళ్ళీ వానాకాలం వచ్చింది. అఖిల నాలుగుకి వచ్చినా గది అదే. ఒకరోజు సైదమ్మకి జ్వరం. బయట ముసురు. తాలింపు వాసన లేచింది, వరండాలో నాలుగు కోతులు దిగాయి. చిన్నపిల్లలు ఏడుపు మొదలుపెట్టారు. టీచరు తలుపు దగ్గరికి వెళ్ళింది, అలవాటు కొద్దీ చెయ్యి నేనుండే చోటికి పోయింది. అక్కడ బొక్కలే ఉన్నాయి. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

అఖిల లేచింది. టీచరు పక్కనుంచి వెళ్ళి, రెండు చేతులతో తలుపుని తనే మెల్లగా మూసింది. వీపు ఆనించి నిలబడింది. ఒక చెయ్యి పక్కకి చాచి ఆ బొక్కలు తడుముకుంటోంది, కిటికీలోంచి నాకు కనిపించింది.

"తెరిచేద్దామా అమ్మా?" అంది టీచరు.

"నేనే మూసిన గదా. నేనే తీస్తా."

వంటగది వైపు పళ్ళేల చప్పుడయ్యేదాకా అట్లాగే నిలబడింది. తర్వాత తలుపు తీసి, అటూ ఇటూ చూసి, "పోయినయ్," అని వెళ్ళి కూర్చుంది.

ఆ సాయంత్రం పెద్దసారు రిజిస్టరు కిందినుంచి టీసీ కాగితం తీశాడు. మర్నాడు సైదమ్మ వస్తే, "వెనక పక్క ఖాళీగా ఉంది, నీ రాతలు రాసుకో," అని ఇచ్చాడు. సైదమ్మ దాన్ని దాచి ఉంచింది, నా కథ మొదటి పేజీ ఇప్పుడు రాసింది దాని మీదే.

అఖిల ఇప్పుడు పెద్ద బడిలో ఆరో తరగతి. సైదమ్మ పని మానేసిన రోజు నన్ను కొంగున కట్టుకుని ఇంటికి తెచ్చుకుంది. ఫ్యాను గాలికి కాగితాలు ఎగరకుండా వాటి మీద పెడుతుంది. ఒళ్ళంతా తుప్పు. ఇన్నేళ్ళు లోపలివాళ్ళని లోపల, బయటివాళ్ళని బయట పెట్టి అలసిపోయాను. ఇప్పుడు బరువుగా ఉంటే చాలు. చదవాలనుకున్నవాళ్ళు నన్ను ఒక వేలితో పక్కకి జరపవచ్చు.

కంపాటి సైదమ్మ
వయసు అరవై రెండు
రేగులగూడెం, బడి వెనక సందు, రెండో ఇల్లు