ఒక్కడే మాట్లాడే గ్రూపు

త్రిపురాంతకం కొండల దిగువన గొర్రెలు, మేకలు మేపుకునే వాళ్లలో చాలామందికి రాయడం రాదు. అయినా ఇంటికో ఫోను ఉంది, వాళ్ల ఊరి గొర్రెల సంఘానికి ఒక వాట్సాప్ గ్రూపూ ఉంది. మైకు గుర్తు నొక్కి మాట్లాడితే చాలు కాబట్టి ఆ గ్రూపు పొద్దస్తమానం సంతలా గోలగోలగా ఉండేది. ఎక్కడ మేత ఉంది, ఏ వంక దగ్గర ఊరకుక్కలు తిరుగుతున్నాయి, సంఘం బోరు కింద తొట్టిలో ఎవరి మంద ఎప్పుడు నీళ్లు తాగాలి, అన్నీ అక్కడే తేలేవి. తిట్టుకోవడాలూ అక్కడే.

ఆ రోజు ఆదెమ్మ తుమ్మచెట్టు నీడన కూర్చుని ఫోను చెవి దగ్గర పెట్టుకుంది. సుబ్బరత్నమ్మ గొంతు వినిపించింది. "ఒరే నాయనలారా, పడమటి మిట్ట మీద వాన పడి పచ్చిక లేసింది. చూడిగొర్రెలున్నోళ్లు ముందు తోలుకపోండి." ఆ వెంటనే వరసగా జవాబులు. "అట్లనే అక్కా", "సరే పెద్దమ్మా", "నువ్వు చెప్పినాక తిరుగేముంది".

ఆదెమ్మకు ఒళ్లు మండింది. ఆ పచ్చిక సంగతి ముందురోజు సాయంత్రమే తాను గ్రూపులో చెప్పింది. ఒక్కడంటే ఒక్కడు ఊ కొట్టలేదు. అదే మాట సుబ్బరత్నమ్మ నోటినుంచి వస్తే బంగారమైపోయింది! ఇద్దరూ ఒక ఈడువాళ్లే, ఇద్దరి మందలూ ఇంచుమించు ఒకటే. మరి ఆవిడకెందుకీ మర్యాద? దీన్ని అసూయ అనుకోవడానికి ఆదెమ్మకు మనసొప్పలేదు. దానికి నోరెక్కువ అని మాత్రం అనుకునేది, రోజుకు పదిసార్లు.

సంఘానికి అధ్యక్షుడు నాగేంద్ర. అందరూ చేతులెత్తి ఎన్నుకున్న కుర్రాడే. పనిమంతుడు కూడా. మార్కాపురం నుంచి పశువుల డాక్టరును పిలిపించాడు, తొట్టికి సిమెంటు చేయించాడు. అంతవరకు అతన్ని మెచ్చుకోవలసిందే. కానీ ఒకనాడు సుబ్బరత్నమ్మ గ్రూపులో ఒక ప్రశ్న అడిగింది. "నాగేంద్రా, బోరుకు తాళమేసి ఆ తాళంచెవి నీ బామ్మర్ది చేతికే ఇచ్చినావేంది నాయనా? అందరి నీళ్లకు ఒకింటి తాళమేంది?"

కాసేపటికి నాగేంద్ర గొంతు వచ్చింది. "గ్రూపులో వాదులాట ఎక్కువైపోయింది. ఇట్లయితే పనులు సాగవు. ఇకమీదట అధ్యక్షుడు ఒక్కడే మాట్లాడతాడు, మిగతావాళ్లు ఇంటే చాలు. ఒప్పుకున్నోళ్లు బొటనవేలి బొమ్మ పెట్టండి."

ఆదెమ్మ ముఖం విప్పారింది. ఆమె భర్త చిన్నయ్య మాత్రం గొణిగాడు. "అట్లయితే మన నోరు గూడా పోతాది గదే?"

"ఉన్నప్పుడు మాత్రం మన మాట ఎవురిన్నారు? పోతే పోనీ. దాని నోరు మూతపడితే నాకదే చాలు."

గ్రూపులో అందరికంటే ముందు పడిన వేలు ఆదెమ్మదే. వెనకటి రోజుల్లో చదువురానివాళ్లు ఏ కాగితం మీద ఏముందో తెలియక వేలిముద్ర వేసి మోసపోయేవారు. ఆదెమ్మ అలా మోసపోలేదు. అన్నీ తెలిసే వేసింది. ఎదుటి మనిషికి నష్టం జరుగుతుందంటే మన నష్టం మనకు ఆనదు. నిరంకుశులకు మనలో బాగా నచ్చే గుణం ఇదే.

మర్నాటి నుంచి గ్రూపు మూగబోయింది. ఆ నిశ్శబ్దం ఆదెమ్మ చెవులకు హాయిగా ఉంది. వారం తిరక్కముందే సుబ్బరత్నమ్మ మంద పొద్దుగూకాక, అందరికన్నా చివర నీళ్లు తాగాలని నాగేంద్ర చెప్పాడు. పని లేకపోయినా ఆదెమ్మ ఆ వేళకు తొట్టివైపు వెళ్లి, ఎదురుచూస్తూ నిలబడ్డ సుబ్బరత్నమ్మను కళ్లారా చూసి వచ్చింది. ఆ పూట అన్నం కూడా రుచిగా అనిపించింది.

ఎండలు ముదిరాయి. ఒక ఉదయం నాగేంద్ర గొంతు మళ్లీ వచ్చింది. పొద్దుటి వంతు ఆదెమ్మ మందకు తీసేసి తన బావమరిది మందకు ఇచ్చాడు. ఆదెమ్మది మధ్యాహ్నం. అప్పటికి తొట్టిలో అడుగున బురద తప్ప ఏమీ మిగలడం లేదు. నాలుగు రోజులకు ఒక చూడిగొర్రె తూలి పడిపోయి, చచ్చిన పిల్లను ఈనింది. మిగతా చూడిగొర్రెలూ నాలుకలు చాపుకుని నిలబడ్డాయి.

ఆదెమ్మ ఏడుస్తూ ఫోను తీసింది. మైకు గుర్తు కనబడలేదు. సెలవులకు ఇంటికొచ్చిన కూతురు గోపిక చూసి చెప్పింది. "అడ్మిన్లే మాట్లాడాలంట. నీకు మాట్లాడే వీలు లేదమ్మా."

"నాకెప్పుడు తీసేసినారే?"

"అందరికీ తీసేసినప్పుడే. నువ్వు వేలు పెట్టింది దానికే గదా!"

ఆమె నేరుగా నాగేంద్ర ఇంటికి వెళ్లింది. అతను కుర్చీలోంచి లేవకుండానే నవ్వాడు. "ఊళ్లో అందరూ బాగుందంటున్నారత్తా. కష్టం నీ ఒక్కదానికే వచ్చిందా? గ్రూపులో ఎవురన్నా ఒక్క మాటన్నా అన్నారా చెప్పు!"

నిజమే, ఎవరూ అనలేదు. తన ఒక్కదానిదే ఏడుపు కాబోలు అనుకుంటూ ఆదెమ్మ తల వంచుకుని వచ్చేసింది.

పొద్దుగూకాక దాహానికి ఆగలేని మందను తోలుకుని తొట్టి దగ్గరికి వెళ్లింది. సాయంత్రం కరెంటుకు తొట్టిలో మళ్లీ కాసిని నీళ్లు పడ్డాయి, అది సుబ్బరత్నమ్మ వంతు. సుబ్బరత్నమ్మ ఆ గొర్రెలను చూసి మారుమాట లేకుండా తన మందను పక్కకు నెట్టింది. "తోలు వదినా. చూడివి ముందు తాగనీ."

నమ్ముతారో నమ్మరో, ఆ క్షణంలో కూడా ఆదెమ్మ కడుపు రగిలింది. ఈ మంచిపేరు కూడా దీనికే దక్కాలా! ఇక ఆగలేక కక్కేసింది. "నీ నోరు మూయించాలనే నేను అందరికన్నా ముందు వేలు పెట్టినా."

"చూసినాలే. నేనంటే నీకు పడదు. పడకపోతే తిట్టు, నా మాట కాదను, పదిమందిలో ఓడించు. దానికైనా నీకు నోరుండాల గదా వదినా?"

ఆదెమ్మ చూడిగొర్రెలను తొట్టివైపు తోలింది. చివరికి అంది. "అందరూ బాగుందంటున్నారంట గదా. నాగేంద్ర చెప్పినాడు."

"నాతోనూ అదే అన్నాడు. వంతు పోయిందని మేకల యాకోబు అడగబోతే ఆయనతోనూ అదే అన్నాడంట."

అప్పుడు అర్థమైంది ఆదెమ్మకు. ఊరు సుఖంగా ఉండి నోరు మెదపక కాదు. ఒకరి గోడు ఒకరికి వినపడే దారి మూసుకుపోయింది. తెల్లవారి ఇద్దరూ గడపగడపకూ తిరిగారు. ప్రతి ఇంట్లోనూ ఒకటే మాట. "మాకొక్కరికే అనుకున్నామే!"

ఆదివారం అందరూ తొట్టి దగ్గర చేరారు. నాగేంద్ర విసురుగా వచ్చాడు. "మీటింగు పెట్టమని ఎవురు చెప్పినారు?"

 ఆదెమ్మ ముందుకు వచ్చింది. "నేను. తాళంచెవి ఇయ్యి నాగేంద్రా." ఆమె వెనక సుబ్బరత్నమ్మ, యాకోబు, చిన్నయ్య, ఊరి మందలవాళ్లంతా నిలబడ్డారు. ఇంటికి ఒక్కొక్కరుగా వచ్చినవాళ్లను నవ్వి పంపించినంత తేలిక కాదు ఇంతమందిని పంపించడం. అతను బావమరిది వైపు చూశాడు. ఆ బావమరిది జేబులోంచి తాళంచెవి తీశాడు.

చూడిగొర్రెలకు రోజూ పొద్దున్నే నీళ్లని, గ్రూపులో మళ్లీ అందరూ మాట్లాడొచ్చని, ప్రతి ఆదివారం తొట్టి దగ్గర కూర్చోవాలని అందరూ ఒప్పుకున్నారు. పేచీ తాళంచెవి దగ్గర వచ్చింది. అది తమ ఇంట్లో ఉండాలంది ఆదెమ్మ. కాదు, నెలకో ఇంటికి మారాలంది సుబ్బరత్నమ్మ. ఇద్దరూ గొంతులు చించుకున్నారు. చేతులెత్తితే సుబ్బరత్నమ్మ మాటే నెగ్గింది. ఆదెమ్మకు మళ్లీ కడుపు మండింది.

ఇంటిదారిలో తనలో తాను నవ్వుకుంటున్న తల్లిని చూసి గోపిక అడిగింది. "ఓడిపోయి గూడా నవ్వుతావేందమ్మా?"

"వచ్చే ఆదివారం మళ్లీ అడుగుతా గదా!"

ప్రజాస్వామ్యం ఒకరంటే ఒకరికి ప్రాణమైన వాళ్ల కోసం పుట్టలేదు. ఒకరంటే ఒకరికి పడనివాళ్లు కూడా ఒకే తొట్టిలో నీళ్లు తాగి బతకడానికి పుట్టింది. గిట్టనివాళ్ల నోరు మూయిస్తానని ఎవడైనా మన దగ్గరికి వస్తే, సంతోషించే ముందు మన గొంతు ఒకసారి తడిమి చూసుకుందాం.