కింది అంతస్తుకు గాలి

మా కెప్టెన్‌ను ఓడలో అందరం గడియారం అంటాం. వేళ చూసుకోనిదే ఊపిరి కూడా తీసుకోడు. తొమ్మిది వందల గొర్రెలను తానే బతికించానని ఇప్పుడు రేవు రేవునా చెప్పుకుంటున్నాడు. జరిగింది నాకు తెలుసు. ఐదో తరగతితో బడి మానేసి, ముప్పై ఏళ్లుగా ఓడల్లో పశువులకు మేతా నీళ్లూ పెడుతున్నవాణ్ణి.

నాలుగో రోజు మధ్యాహ్నం. గాలి మా వెనకనుంచి, సరిగ్గా ఓడ వేగంతోనే వీస్తోంది. అలా వీస్తే లోపలికి పిసరంత గాలి కూడా రాదు. గొట్టంలోంచి పొగ నిట్టనిలువుగా లేస్తోంది. కింది అంతస్తులో గొర్రెలు మెడలు చాచి, నాలుకలు బయటపెట్టి రొప్పుతున్నాయి. అలా రొప్పే గొర్రె రెండు గంటలు బతికితే గొప్ప.

ఇంజను గదిలో పనిచేసే నా బామ్మర్ది పరుగెత్తుకొచ్చాడు. "బావా, ఫ్యాన్లన్నీ తిరుగుతూనే ఉన్నాయి. ఉన్న వేడినే తిప్పి తిప్పి కొడుతున్నాయి!"

ఒక్క ఉరుకున చుక్కాని గదికి ఎక్కాను. "అయ్యా, ఓడను పక్కకు తిప్పండి. గాలి అడ్డంగా తగలాలి. అరగంట అటు, అరగంట ఇటు."

"వంకర టింకరగా పోతే రేవులో మన వంతు పోతుంది. గొర్రెలకు ఉక్కపోస్తోందా? విసనకర్ర తీసుకుని విసురు, పో!" అన్నాడు గడియారం.

"పది నిమిషాలు కింద నిలబడండి. నిలబడగలిగితే ఇంక నోరెత్తను."

పంతం పట్టి వచ్చాడు. మూడో నిమిషంలో చొక్కా ఒంటికి అతుక్కుంది. ఐదో నిమిషంలో నిచ్చెన పట్టుకున్నాడు.

"తిప్పుతా. ఆలస్యమైతే నీదే పూచీ. రాసివ్వు."

రాసిచ్చాను. అక్షరాలు కోడి కెలికినట్టున్నా, సంతకం నాదే.

ఓడ ఒరిగింది, తిరిగింది. ముందు నేలమీది మేతపొట్టు లేచింది. తర్వాత నా మెడమీద చెమట చల్లబడింది. "వచ్చింది బావా, వచ్చింది!" అంటూ బామ్మర్ది ఖాళీ బకెట్టు వాయించాడు. ఒక గొర్రె నోరు మూసింది. దాని పక్కది మూసింది. చూస్తుండగా వరసకు వరసే మూసింది! ఒకటి నా మోచేతిమీద చీదింది కూడా. నేను పిచ్చివాడిలా దొడ్డి నుంచి దొడ్డికి గెంతాను. తెల్లవారేదాకా మెలికలు తిరుగుతూనే పోయాం. చచ్చినవి నాలుగే.

తొమ్మిది గంటలు ఆలస్యంగా చేరాం. రేవులో వంతు పోయింది. ఆఫీసువాళ్లు నేను రాసిచ్చిన కాగితం బల్లమీద పెట్టి, నా మూడు నెలల జీతంలోంచి కోశారు: అరవై ఒక్క వేల నాలుగు వందల యాభై.