త్రాసు పట్టడం రాని తూనికల ఆఫీసరు

పొద్దున్నే స్నానాలగదిలో కుళాయి కారడం ఆగిపోయింది. ఆవిడ గుండె గుభేలుమంది.

ఇంకే ఇల్లాలైనా సంతోషించేది. కానీ ఆ ఇంట్లో ఏదైనా బాగుపడిందంటే ఆవిడ భర్త వెళ్ళిపోతున్నాడని అర్థం. ముప్ఫై రెండేళ్ళలో తొమ్మిదిసార్లు వెళ్ళాడు. ప్రతిసారీ ముందు రోజుల్లో స్క్రూడ్రైవరు పట్టుకుని ఇల్లంతా కలియతిరిగేవాడు. తర్వాత ఒక పొద్దున క్యారేజీ పట్టుకుని మామూలుగా ఆఫీసుకు వెళ్ళినట్టే వెళ్ళేవాడు. సాయంత్రం వచ్చేవాడు కాదు. ఒకసారి మూడు నెలలకొచ్చాడు, ఒకసారి పధ్నాలుగు నెలలకు. క్యారేజీలు మాత్రం ఒక్కటీ తిరిగి రాలేదు. గుమ్మంలో వీడ్కోళ్ళు పనికిరావని వాళ్ళ ఆఫీసు నియమమట. పెళ్ళాం కళ్ళు తుడుచుకుంటుంటే వీధి చివర ఎవడైనా చూసి పసిగడతాడట.

ఈ ‘అట’లన్నీ ఆవిడ ముక్కా ముక్కా ఏరి పోగేసుకున్నవే. ఆయన నోటితో చెప్పింది ఒక్కటే: తూనికలు, కొలతల శాఖలో ఉద్యోగం. వీధి వీధంతా అదే నమ్మింది. ఆవిడకు మాత్రం అది వేషమని, ఆయన నిఘా మనిషని నాలుగో ఏటే తెలిసిపోయింది. తూనికల ఆఫీసరు నిద్రలో మూడు భాషల్లో కలవరించడు కదా. ఆవిడకు తెలిసిపోయిందని ఆయనకూ తెలుసు. ఇద్దరూ ఏమీ ఎరగనట్టే కాపురం చేసుకొచ్చారు.

ఇప్పుడాయన ఆ నిఘా సంస్థలో రెండో పెద్ద. పైన ఒక్క కుర్చీయే ఉంది. అందులో కూర్చోబోయేవాడు ముందు ఏడాదిన్నర పాటు బయటి దేశంలో మారుపేరుతో గడిపి రావాలి. ఈ సంగతి ఆవిడకు చెప్పింది అదే సంస్థలో పనిచేసే ఒకాయన భార్య. పాపం ఆ ఇల్లాలి కూతురు బళ్ళో ‘మా నాన్న ఉద్యోగం’ అని వ్యాసం రాసి, ఉన్నదంతా కక్కేసింది. అంతే, ఆ తండ్రిని మళ్ళీ ఎక్కడికీ పంపలేదు. గుట్టు బయటపడ్డవాణ్ణి పొలిమేర దాటనివ్వరు వదినా, అప్పట్నుంచీ ఇంట్లోనే పడుండి నా బుర్ర తింటున్నాడు అని ఆ ఇల్లాలు మొత్తుకుంది. ఆ మొత్తుకోలు ఈవిడ చెవికి ఎంత కమ్మగా వినిపించిందో చెప్పలేం.

కుళాయి తర్వాత సొరుగు బాగయింది. సొరుగు తర్వాత కిటికీ గడియ. శనివారం ఆయన నిచ్చెనెక్కి ఫ్యాను విప్పడం చూసి, ఆవిడ చెప్పులేసుకుని మూలమీది సరుకుల కొట్టుకు వెళ్ళింది. కొట్టువాడు చాలాకాలంగా తన త్రాసు ఒకవైపే మొగ్గుతోందని అందరితో మొర పెట్టుకుంటున్నాడు. రేపు మా ఆయన పై అధికారి మా ఇంటికి టీకి వస్తున్నాడు, త్రాసు పట్టుకొచ్చి చూపించుకో అంది. దారిలో కనబడ్డ ముగ్గురికీ అదే మాట చెప్పింది.

ఆదివారం ఆ పై అధికారి, సంస్థ పెద్దాయన, సోఫాలో కూర్చుని టీ రెండు గుక్కలు తాగాడో లేదో, కొట్టువాడు త్రాసుతో, ఐదు గుండ్లతో గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. వెనకాల సగం వీధి.

పెద్దాయన సామాన్యుడు కాదు. ఎవరి ఉత్తరం ఎవరు రాశారో కామా పెట్టిన తీరు చూసి చెప్పగలడు. కానీ ముప్ఫై ఏళ్ళుగా తూనికల వేషం కట్టిన ఆ సంస్థలో త్రాసు ఎలా పట్టాలో నేర్చుకోవాలని ఒక్కరికీ తోచలేదు. ఆయన త్రాసు పైకెత్తి, ఒక పళ్ళెంలో కిలో గుండు పెట్టి, కళ్ళు చికిలించి, బాగానే ఉందే అన్నాడు.

“రెండో పళ్ళెంలో ఇంకా ఏమీ పెట్టలేదు సార్” అన్నాడు కొట్టువాడు.

ఆవిడ భర్త సాయానికొచ్చి, త్రాసును తిరగేసి పట్టుకున్నాడు. జనంలో ఎవరో ముక్కుతో నవ్వారు. కొట్టువాడు మర్యాదస్తుడు, మాట మార్చి గుండు మీది గుర్తు చూపించాడు.

“పోనీ ఈ ముద్ర ఏంటో చెప్పండి సార్.”

పెద్దాయన నోటి నుంచి అలవాటు కొద్దీ వచ్చేసింది. “అది రహస్యం.”

“రహస్యమేంటి సార్, మా ఆవిడకు కూడా తెలుసు.”

చీకటి పడకముందే వీధి తీర్పు చెప్పేసింది. దొంగనోట్ల వాళ్ళని కొందరన్నారు. ఎదురింటి రిటైర్డు పంతులమ్మ అందర్నీ కసిరి, వాళ్ళు నిఘా వాళ్ళు, ఇన్నేళ్ళలో కొట్టువాణ్ణి ఒక్కసారైనా గదమాయించని తూనికల ఆఫీసరుంటాడా అంది. పెద్దాయన కారెక్కుతుంటే ఎవరో సెల్యూట్ కూడా కొట్టారు.

ఆవిడ భర్త తలుపేసి వచ్చి వంటింటి గడప దగ్గర నిలబడ్డాడు.

“పెద్దాయన వస్తున్నట్టు కొట్టువాడికి ఎవరు చెప్పారు?”

“నేనే.”

ఎందరెందరినో రోజుల తరబడి ప్రశ్నించి నిజం కక్కించినవాడు ఒక్క ప్రశ్నకే నేరం ఒప్పేసుకుంటే తర్వాత ఏమడగాలో తెలియక నిలబడిపోయాడు. చివరికి ఎందుకని అడిగాడు.

“ఇంకోసారి నావల్ల కాదండీ. పోయినసారి మీరు లేనప్పుడు మా అమ్మ పోయింది. మీకు కబురు పెడదామంటే ఏ ఊరికి పెట్టాలో తెలీదు. ఆ నెలంతా మీరున్నారో లేరో కూడా తెలీకుండా గడిపాను.”

“ఆ కుర్చీ పోయింది. తెలుసా నీకు?”

“తెలుసు. తిట్టండి. ఎన్నాళ్ళైనా తిట్టండి, ఇక్కడే కూర్చుని తిట్టండి.”

ఆయన నిజంగానే కూర్చుని తిట్టాడు. తర్వాత కాగితం తీసి, గుట్టు రట్టవడానికి తన అజాగ్రత్తే కారణమని పై అధికారికి రాసి సంతకం పెట్టాడు. కొట్టువాడి పేరు గానీ ఆవిడ పేరు గానీ అందులో లేవు. వారానికల్లా బయటి దేశం ప్రయాణం, దాని తర్వాతి కుర్చీ ఆయనకంటే చిన్నవాడికి ఖాయమయ్యాయి. ఈయనకు పాత ఫైళ్ళ గదిలో ఒక బల్ల ఇచ్చారు, పది నుంచి ఐదు.

ఐదున్నరకు ఇంటికొచ్చి, చొక్కా విప్పుతూ మొదలుపెట్టేవాడు. ఆ చిన్నవాడి తెలివితక్కువతనం, ఫైళ్ళ గదిలో దుమ్ము, ముప్ఫై రెండేళ్ళ చాకిరీని త్రాసులో వేసి ముంచిన పెళ్ళాం. ఆవిడ కూరలు తరుగుతూ ఊ కొట్టేది. మధ్యలో ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగితే మాత్రం, చప్పున కత్తిపీట మీంచి తలెత్తి, ఆయన ఉన్నవైపు చూసేది.